నిద్రలో ఆమెన్

హోజియా టాల్బర్ట్ గొంతు వింటూ నిద్రపోని ఆడది మా ఊరు హాలవే బెండ్‌లో లేదని నా స్నేహితురాలు లూవీనియా అంటూ ఉండేది. కొత్తవాళ్లు ఆ మాట వినగానే కనుబొమలు ఎగరేసేవాళ్లు. లూవీనియాకు కావలసింది కూడా అదే. కాసేపు వాళ్ల మొహాలు చూసి ముచ్చట తీర్చుకున్నాక, అసలు సంగతి చెప్పవే నెట్టా అని నన్ను ముందుకు తోసేది. ఇప్పుడు ఆమె మెంఫిస్‌లో కూతురి దగ్గర ఉంది కాబట్టి ఎవరూ తోయకుండానే చెబుతున్నాను.

ఆయన మా మౌంట్ నెబో చర్చిలో డీకన్. పాస్టరుకు వేరే ఊళ్లలో కూడా చర్చిలు ఉండేవి. అందుకని మా చర్చికి తలుపు తీసేదీ, తాళం వేసేదీ, జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన కూర్చునేదీ డీకన్ టాల్బర్టే. అంతకుముందు నడుము వంగేదాకా స్కూలు బస్సు నడిపాడు. నేను ఆ బస్సులో పెరిగినదాన్నే. కరకట్ట వెంబడి, పొగమంచులో, పత్తి చేల మధ్య నుంచి ఆ పసుప్పచ్చ బస్సు వస్తుంటే నది ఒడ్డున ఎవరో దీపం పట్టుకుని నడుస్తున్నట్టు ఉండేది. పిల్లలం గోల చేస్తే మిగతా డ్రైవర్లు అరిచేవాళ్లు. ఆయన గొంతు తగ్గించేవాడు. ఏమంటున్నాడో వినాలని మేమే నోళ్లు మూసుకునేవాళ్లం. ఎవరైనా పిల్ల కిటికీకి తల ఆనించి నిద్రపోతే అద్దంలో చూసి, గోతులున్న దారి వదిలి చుట్టుదారిన పోయేవాడు. బడికి ఆలస్యమైతే తిట్లు తినేది ఆయనే.

పెళ్లాం వర్లీ చికాగోలో ఉన్న అక్కను చూసి వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. గొడవేమీ లేదట. ఏటా క్రిస్మస్‌కు కార్డు మాత్రం పంపేది. ఆయన దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించేవాడు, పాతది తీసేవాడు కాదు. అలాంటి మనిషికి పెళ్లి గురించి పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. లూవీనియా మొదటిరోజే అడిగేసింది, పెళ్లాం పారిపోయినాయన మాకేం చెబుతాడూ అని. ఆయన నొచ్చుకోలేదు.

"బస్సు బోల్తా కొట్టించినోడు ఆ మలుపు ఎక్కడుందో మర్చిపోతాడా, లూవీనియా?" అన్నాడు.

ఆ ఉద్యోగం ఎలా పుట్టిందో చెప్పాలి. పేద కుటుంబాల కోసమని వాషింగ్టన్ నుంచి ప్రతి రాష్ట్రానికీ డబ్బు వస్తుంది. పిల్లల్ని చూసుకునే చోట్లకు కట్టడానికి ఇంకో మూట వస్తుంది. వచ్చాక దాన్ని ఏ దారిన పంపాలన్నది చాలావరకు రాష్ట్రం ఇష్టం. పక్క రాష్ట్రంలో ఒక తల్లి చేతికి అందేది మా దగ్గర అందదు, మా దగ్గర దొరికేది ఇంకోచోట ఉండదు. మా రాజధానిలో కూర్చున్నవాళ్లకు పేదవాళ్ల చేతికి నగదు ఇవ్వాలంటే ఎందుకో ఒళ్లు జలదరించేది. నగదు అందే మనిషి మా కౌంటీలో దీపం పెట్టి వెతికినా కనబడేది కాదు. ఆ డబ్బు కుటుంబాలను గట్టిపరిచే తరగతులకు పోయేది, ఆ తరగతులు నడిపే సంస్థలకు పోయేది, వాటి ప్రచారానికి పోయేది. దొంగతనం అనడానికి లేదు, అంతా చట్టం ఒప్పుకున్నదే. నాకు దానిమీదే ఎక్కువ మంట.

అప్పుడు నా వయసు ఇరవై దాటి కొంచెం. నా కూతురు కెజియాకు మూడేళ్లు నిండలేదు. దాని తండ్రి ఎక్కడున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. జెల్లచేపల ఫ్యాక్టరీలో పగటి పని చేస్తూ, కెజియాను చర్చి ఎదురింట్లో పిల్లల్ని చూసుకునే మిస్ అర్లీన్ దగ్గర వదిలేదాన్ని. ఆ ఖర్చుకు ప్రభుత్వం కూపన్ ఇచ్చేది. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఫ్యాక్టరీ నన్ను రాత్రి పనికి మార్చింది. రాత్రి కెజియా మా అమ్మ పక్కలో పడుకునేది. తెల్లవారగానే మా అమ్మ బడి వంటగదికి పోతే నేను ఇంటికి వచ్చేదాన్ని. ఇక పగలు బిడ్డను ఎవరు చూడాలి, నేనెప్పుడు పడుకోవాలి?

కౌంటీ ఆఫీసులో కిటికీ వెనకాల కూర్చునే ఆవిడ చెడ్డదేం కాదు. తన ముందున్న స్వీట్ టీ గ్లాసు పక్కకు జరిపి శ్రద్ధగానే విన్నది. తల్లి పనిలో ఉన్న గంటలకే కూపన్ పనిచేస్తుందని, ఇప్పుడు పగలు నేను పనిలో లేను కాబట్టి చెల్లదని చెప్పింది.

"మరి పగలు నువ్వు ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగింది.

"నిద్రపోవాలండీ."

"నిద్ర లెక్కలోకి వచ్చే పని కాదమ్మా."

నేను ఆవిడకు మా కోతబల్ల గురించి చెప్పాను. చేప వస్తుంటుంది, కత్తి ఆడుతుంటుంది, కన్ను మూతపడకూడదు. నా పక్కన నిలబడే ఆమె ఒకసారి నిలబడే కునికింది. అప్పటినుంచి చర్చిలో పాట వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొడితే ఆమె మిగిలిన ఒక్క చేత్తో తొడ మీద తట్టుకుంటుంది. కిటికీ ఆవిడ కళ్లు దించుకుంది. కాగితాలు తిరగేసి తిరగేసి చివరికి ఒక దారి చూపించింది. మౌంట్ నెబో చర్చిలో పగటిపూట కుటుంబ తరగతి నడుస్తోంది, అందులో చేరితే ఆ గంటలు లెక్కలోకి వస్తాయి, కూపన్ నిలుస్తుంది. నాకు మొగుడే లేడండీ అన్నాను. మొగుడు ఉండాలన్న నియమం ఎక్కడా లేదంది.

అలా చేరాను. తెల్లారి ఫ్యాక్టరీ నుంచి చేప వాసనతో వచ్చి, కెజియాను మిస్ అర్లీన్ వాకిట్లో దింపి, రోడ్డు దాటి చర్చిలో కూర్చున్నాను. కిటికీల రంగు అద్దాల్లోంచి ఎండ నేల మీద ఎర్రగా, పచ్చగా పడుతోంది. బయట పిల్లల కేకలు సన్నగా వస్తున్నాయి, వాటిలో నా కూతురి గొంతు కూడా ఉంది. డీకన్ టాల్బర్ట్ పుస్తకం తెరిచి మొదటి పాఠం మొదలుపెట్టాడు. ఇంట్లో ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు లోపల జవాబు వండుకోకూడదు అన్నాడు. నాకు గుర్తున్నది అంతవరకే.

ఆ తర్వాత చర్చి నిండా నీళ్లు వచ్చాయి. గోధుమరంగు నీళ్లు, మా నది నీళ్లే, కానీ వెచ్చగా ఉన్నాయి. నేను రోజూ కోసే చేపలన్నీ తలలతో సహా బెంచీల మీద వరసగా కూర్చుని మీసాలు ఆడిస్తూ పాఠం వింటున్నాయి. ఏ ఒక్కదానికీ నా మీద కోపం లేదు. డీకన్ గొంతు నీటి అడుగున ఎక్కడో నడుస్తోంది, నేను దానిమీద వెల్లకిలా తేలుతున్నాను. కెజియా ఒక చేప మీద కూర్చుని పోతూ నాకు చెయ్యి ఊపింది.

మెలకువ వచ్చేసరికి నా తల కింద పాటల బృందం కూర్చునే మెత్త ఉంది. ఫ్యాను నా వైపు తిరిగి ఉంది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, అదే గొంతుతో, పుస్తకం చివరి పేజీ దగ్గర. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పక్కనే ఉన్న లూవీనియా అట్ట విసనకర్ర అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఏమే పిల్లా, నిద్రలో ఆమెన్ అంటావా నువ్వు?" అంది.

అన్నానట. ఒకసారి కాదు, ఆయన ఎక్కడ ఆగితే అక్కడల్లా అన్నానట. అందులో వింతేమీ లేదు. మేమంతా నడక రాకముందే ఆ బెంచీల మీద తల్లుల ఒళ్లో పడుకున్నవాళ్లం. పైన ఎవరైనా మాట్లాడి ఆగితే కింద ఆమెన్ అనడం మాకు ఆవలింత లాంటిది, అడిగి రాదు. ఆ తర్వాత రోజుల్లో లూవీనియా కూడా గురక మధ్యలో ఆమెన్ అనడం నేను విన్నాను. చెబితే ఒప్పుకోలేదు.

ఆ రోజు తరగతి అయ్యాక మెట్ల మీద ఆయన దగ్గర నిలబడి క్షమించండి డీకన్ గారూ, రేపు నిద్రపోను అన్నాను. ఆయన భుజాల మీది సస్పెండర్ పట్టీలు సర్దుకుని ఎదురింటి వాకిట్లో ఆడుకుంటున్న పిల్లల వైపు కాసేపు చూశాడు.

"చూడు తల్లీ, పాల కోసమని వాషింగ్టన్‌లో బయల్దేరిన డబ్బు ఇక్కడికొచ్చేసరికి మాటలైపోయింది. ఆ మాటలు నేనే. మీకు కావల్సింది నేనియ్యలేను. ఉన్నది ఈ గొంతొకటి. కనీసం దానిమీద పడుకోండి" అన్నాడు.

ఫ్యాక్టరీలో ఈ సంగతి చేపవాసన కంటే వేగంగా పాకింది. రాత్రి పని చేసే తల్లులు ఒక్కొక్కరే చేరారు. బెంచీలు నిండాయి. మెత్తలు చాలక ఆయన తన ఇంట్లోంచి దుప్పట్లు తెచ్చాడు, వాటిలో ఒకటి వర్లీ కుట్టినది. దాన్ని ఏ ఒక్కరికో ఇచ్చేయకుండా రోజూ అందరికంటే అలిసిపోయినవాళ్లెవరో చూసి కప్పేవాడు. మిస్ అర్లీన్ మొక్కజొన్న రొట్టె, ఆకుకూర పంపేది, లేచాక తినమని. కిటికీలకు తెరలు వేసేవాడు కాదు. దాచిపెట్టే పని చేయడం లేదు కదా అనేవాడు.

నిజంగానే ఆయన ఏదీ ఎగ్గొట్టలేదు. మేమందరం నిద్రపోయినా ఒక్క మాట మింగకుండా పాఠం మొత్తం చెప్పేవాడు. ఎవరు వింటారని ఈ ఆయాసం, మీరూ ఒక కునుకు తీయొచ్చు కదా అని లూవీనియా ఒకసారి అంది. జీతం తీసుకుంటున్నాను, చెప్పడం నా వంతు, నిద్రలో వింటారో మెలకువలో వింటారో పుస్తకంలో రాసి లేదు అన్నాడు. పైగా మేము ఆమెన్ అంటున్నామని, అంటే ఎక్కడో చేరుతోందని ఆయన నమ్మకం. ఆయన్ను నేను అప్పటినుంచే ప్రేమించాను. తండ్రి అంటే ఇలా ఉంటాడేమో అనుకునేదాన్ని, నాకు తండ్రిని చూసిన గుర్తు లేదు.

ఆ ఏడాదిని తలుచుకుంటే నాకు అదొక పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తుంది. నేల మీద ఎర్ర ఎండ, ఫ్యాను గాలి, గొంతు, మధ్యమధ్య నిద్రలోంచి లేచే ఆమెన్లు. నాకు వచ్చినన్ని కలలు రాణులకు కూడా వచ్చి ఉండవు. డబ్బు పొదుపు పాఠం రోజు కలలో పత్తి చేను మొత్తం రొట్టెలు కాసింది. క్షమించడం గురించి చెప్పిన రోజు కెజియా తండ్రి వచ్చి వాకిట్లో నిలబడి బూట్లు విప్పాలా వద్దా అని అడిగాడు. లేచాక మిస్ అర్లీన్ వాకిట్లోంచి బిడ్డను ఎత్తుకుంటే నా చేతుల్లో బలం ఉండేది.

అలా ఉండగా రాజధాని నుంచి మిస్ ప్రెంటిస్ అనే ఆవిడ తరగతి చూడడానికి వస్తోందని కబురు వచ్చింది. ఆమెకు నచ్చకపోతే తరగతి మూసేస్తారు. తరగతి పోతే కూపన్ పోతుంది, కూపన్ పోతే నిద్ర పోతుంది. నాకు కోతబల్ల కళ్లముందు కనబడింది.

ఆ రోజు మేమంతా ఫ్యాక్టరీలోనే నల్ల కాఫీ గొంతులో పోసుకుని, చన్నీళ్లతో మొహాలు కడుక్కుని, ఆదివారం టోపీలు పెట్టుకుని వచ్చాం. నిటారుగా కూర్చున్నాం. ఒకరు కునికితే పక్కవాళ్లు గిల్లాలని ఒప్పందం. మిస్ ప్రెంటిస్ వెనక బెంచీలో కూర్చుని కలం తీసింది. కుర్రతనం పోని మొహం, మర్యాదస్తురాలే. డీకన్ టాల్బర్ట్ గోధుమరంగు సూటులో వచ్చాడు. మా కోసం భయపడి రాత్రంతా గదిలో నడుస్తూ పాఠం వల్లెవేశాడని తర్వాత తెలిసింది. దేవుడికి దండం పెట్టుకుని, పుస్తకం తెరిచి, ఒక్క క్షణం అని కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం ఛాతీ మీదికి వాలింది. అంతే.

లూవీనియా నా డొక్కలో గట్టిగా పొడిచింది. నేను లేచి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలియదు. ఆయన్ను లేపకూడదన్నది ఒక్కటే తెలుసు, అందుకని గొంతు తగ్గించాను.

"ఇంట్లో ఒకరు మాట్లాడుతుంటే, రెండోవాళ్లు లోపల జవాబు వండుకోకూడదు. ముందు వినాలి" అన్నాను. ఆయన ఆగే చోట ఆగాను.

"ఆమెన్" అన్నాడు ఆయన, కళ్లు మూసుకునే.

చర్చి మొత్తం ఆమెన్ అంది. ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. మెలకువలో ఒక్కసారి కూడా చివరిదాకా వినని పాఠం నా నోట్లోంచి వరసగా వస్తోంది. నేను తడబడిన చోట లూవీనియా అందుకుంది, ఆమె ఆగిన చోట ఇంకొకామె అందుకుంది. అందరం ఆయన గొంతుతోనే, మెల్లగా. ఆగినప్పుడల్లా కుర్చీలోంచి ఆమెన్ వచ్చేది, ఒక్కటీ చోటు తప్పలేదు. లూవీనియా విసనకర్ర ఊగిపోతోంది.

అయ్యాక మిస్ ప్రెంటిస్ మా దగ్గరికి వచ్చి, ఆయన ఎప్పుడూ ఇలా కళ్లు మూసుకునే వింటారా అని గుసగుసగా అడిగింది.

"మా చేత చెప్పిస్తారండీ. అదే ఆయన పద్ధతి" అంది లూవీనియా, చర్చిలో నిలబడి అబద్ధమని కూడా చూడకుండా.

ఆవిడ కళ్లు తుడుచుకుని వెళ్లింది. నిద్ర లేచాక సంగతి విని డీకన్ టాల్బర్ట్ తల పట్టుకున్నాడు. తర్వాత తలెత్తి, ఆమెన్ సరైన చోటే అన్నానా అని అడిగాడు. సరైన చోటే అన్నారు డీకన్ గారూ అన్నాను.

మిస్ ప్రెంటిస్ మమ్మల్ని మెచ్చుకునే రాసిందట. ఏం లాభం. ఆ ఎండాకాలం రాజధానిలో పెద్దలు మారారు, డబ్బు దారి కూడా మారింది. తరగతి ఆగిపోయింది. ఆ డబ్బుతోనే హైవే పక్కన పెద్ద ప్రకటన బొమ్మ లేచింది. తండ్రి, తల్లి, బిడ్డ పచ్చగడ్డిలో నవ్వుతున్నారు, కింద కుటుంబం గురించి ఏదో మంచి మాట. బొమ్మలో ముగ్గురూ బాగా నిద్రపోయి లేచినట్టున్నారు. నేను పనికి పోతూ దానిమీద ఉమ్మేద్దామని రోజూ అనుకునేదాన్ని, అది చాలా ఎత్తులో ఉంది.

కూపన్ పోయింది. పగలు తలుపు గడియ వేసి కెజియాను పక్కన కూర్చోబెట్టుకుని పడుకునేదాన్ని. అది నా కనురెప్పలు వేళ్లతో ఎత్తి చూసేది.

"అమ్మా, లోపలున్నావా?" అని అడిగేది.

ఒక వేకువన కోతబల్ల దగ్గర కత్తి నా చేతి తొడుగును చీల్చింది. తొడుగొక్కటే తెగింది. తెగిన చోటు చూసుకుంటూ ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. ఎవరు చెప్పారో తెలియదు, మర్నాడు పొద్దున్నే డీకన్ టాల్బర్ట్ మా వరండా మెట్లెక్కాడు. చంకలో ఆ పుస్తకం.

"పాఠాలు మిగిలిపోయాయి తల్లీ. వినేవాళ్లు కావాలి. మీ అమ్మాయికి తీరికేనా?" అన్నాడు.

తనకు ఎవరూ జీతమివ్వరని నేను గుర్తుచేస్తే, ఆ సంగతి పుస్తకంలో లేదన్నాడు. కెజియాను ఊయలబల్ల మీద కూర్చోబెట్టుకుని, జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి ఇచ్చి, మూడేళ్ల పిల్లకు పెళ్లి గురించి పాఠం మొదలుపెట్టాడు. నేను లోపల, కిటికీ జాలీకి అటువైపు మంచం మీద పడుకున్నాను. ఊయల గొలుసు కిర్రుమంటోంది. గోధుమరంగు నీళ్లు గుమ్మం దాటి వెచ్చగా లోపలికి వస్తున్నాయి. ఆయన ఎక్కడో ఆగాడు. పిప్పరమెంటు నిండిన నోటితో నా కూతురు ఆమెన్ అంది. నేను మునిగిపోయాను.

కెజియా బడి బస్సు ఎక్కేదాకా ఆయన అలా వస్తూనే ఉన్నాడు. అది పెద్దదయ్యాక, ఇంట్లో మాట్లాడేవాళ్లెవరున్నా ముందు ఆఖరిదాకా వినేది. నీకిది ఎవరు నేర్పారే అంటే ఊయలబల్ల వైపు చూపించేది.

పోయిన శరదృతువులో, పత్తి తీస్తున్న రోజుల్లో, ఆయన మంచం పట్టాడు. నేను ఇప్పుడు బడి వంటగదిలో మా అమ్మ చేసిన పనే చేస్తున్నాను. మధ్యాహ్నం పని కాగానే వెళ్లి కూర్చునేదాన్ని. వర్లీ కుట్టిన దుప్పటి ఆయనకు కప్పాను. చివరి రోజున, ఆయన్ను చూసుకోవడానికి ఇంటికి వచ్చే నర్సు అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, ఆయనకు ఇక ఏమీ వినబడదు ఆంటీ, ఊరికే శ్రమపడకండి అంది. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. గొంతు తగ్గించాను.

"ఇంట్లో ఒకరు మాట్లాడుతుంటే, రెండోవాళ్లు లోపల జవాబు వండుకోకూడదు. ముందు వినాలి" అన్నాను.

ఆగాను. కిటికీలోంచి పడ్డ ఎండ దుప్పటి మీద మెల్లగా జరుగుతోంది. ఆయన పెదవులు కదిలాయి. ఆమెన్ అన్నాడు. నర్సు అమ్మాయి గుమ్మంలో నిలబడిపోయింది.

తర్వాతి చోట ఆగాను. ఏమీ రాలేదు. ఆ తర్వాతి చోట కూడా రాలేదు. నర్సు అమ్మాయి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది. పాఠం ఇంకా సగం ఉంది. ఒక్క మాట మింగకుండా చివరిదాకా చెప్పాను, ఆయన ఆగే ప్రతి చోటా ఆగి, ఆమెన్ నేనే అంటూ.